కొత్త మోడల్ రాకెట్ చేతికి కుదరడం లేదా? అమ్మేసే ముందు వరసగా చేయాల్సిన పనులు

విజయనగరంలో మా ఇంటి వరండాలో రాకెట్లకు తీగలు బిగించే గట్టింగ్ మిషన్ ఒకటి ఉంది. పొద్దున్న ఆట అయ్యాక ఇద్దరో ముగ్గురో టెన్నిస్ రాకెట్లు పట్టుకొని వస్తారు. ఈ మధ్య వాళ్లు ఎక్కువగా అడుగుతున్నది ఒక్కటే. "మాస్టారూ, అదే కంపెనీ, అదే పేరు. పాతది నాలుగేళ్లు ఆడాను. కొత్త వెర్షన్ వచ్చిందని కొన్నాను. బంతి మీద పట్టే లేదు. ఏటి చేయమంటారు?"

పదిహేను, ఇరవై వేలు పెట్టి కొన్న రాకెట్ నచ్చకపోతే ఆ బాధ చిన్నది కాదు. అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పేకంటే మొత్తం క్రమం ఇక్కడ రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్తాను. రాకెట్ మార్చినప్పుడు ఫ్రేమ్ ఒక్కటే మారదు. గట్స్ (రాకెట్‌లో అల్లిన తీగలు), టెన్షన్ (వాటి బిగువు, పౌండ్లలో చెప్తారు), గ్రిప్ లావు, బరువు, ఆ బరువు ఉన్న చోటు అన్నీ ఒకేసారి మారిపోతాయి. నింద మాత్రం ఫ్రేమ్ మీద పడుతుంది. అందుకని ఫ్రేమ్ తప్ప మిగతావన్నీ పాతదానితో సమానం చేయాలి. ఆ తర్వాతే ఆడి తేల్చుకోవాలి.

1. పాత రాకెట్‌ను చేయి దాటనివ్వకండి

శ్రీకాకుళం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చారు. కొత్తది కొన్న రోజునే పాతదాన్ని పలాసలో ఉన్న బావమరిది కొడుక్కి ఇచ్చేశారు. ఇక దేనితో పోలుస్తాం? ఆ అబ్బాయి దగ్గర నుంచి వారం రోజులకి అడిగి తెప్పించుకున్నాకే పని మొదలైంది. ఆయన రెండు రాకెట్ల లెక్కలే ఈ వ్యాసంలో వాడుతున్నాను.

కనీసం ఆరు వారాలు పాతది ఇంట్లోనే ఉంచండి. దాని గట్స్ కొయ్యకండి, గ్రిప్ విప్పకండి. అది ఇప్పుడు ఎలా ఉందో అలాగే మీకు కొలబద్ద.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ఒక గ్రాము దాకా చూపే వంటింటి డిజిటల్ తూకం. లేకపోతే తెలిసిన బంగారం కొట్లో అడగండి, ఎవరూ కాదనరు.
- టైలరు టేపు, చెక్క స్కేలు
- తల లేని మూడంగుళాల మేకు
- ఫోన్‌లో గిటార్ ట్యూనర్ ఆప్, స్టాప్‌వాచ్
- రెండు మూడు ఒకే రకం ఓవర్‌గ్రిప్‌లు (పిడి గ్రిప్ మీద చుట్టే పల్చటి పట్టీలు)
- ఒక నోటు పుస్తకం

2. అన్నిటికంటే ముందు గట్స్

నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే తేలిపోయాయి. అందుకే ఈ మెట్టు మీద కాస్త ఎక్కువ సేపు ఆగుతాను.

పాత రాకెట్ గట్స్ ఎప్పుడో 52 పౌండ్ల మీద వేయించి ఉంటారు. టెన్షన్ మొదటి రోజు నుంచే దిగుతూ వస్తుంది. ఏడాది తర్వాత అది నలభై చిల్లరకు పడిపోయి ఉంటుంది, మీ చేయి దానికి అలవాటు పడిపోయి ఉంటుంది. కొత్తదాని మీద మళ్లీ "నాకెప్పుడూ 52నే" అని చెప్పి వేయిస్తారు. బల్ల చెక్కతో కొట్టినట్టు ఉంటుంది. అందులో ఫ్రేమ్ తప్పేముంది?

గట్ రకం ఇంకో సంగతి. పాలియెస్టర్ గట్టిగా ఉంటుంది, స్పిన్‌కు బాగుంటుంది, చేతికి దెబ్బ ఎక్కువ, టెన్షన్ తొందరగా వదిలేస్తుంది. మల్టీఫిలమెంట్ మెత్తగా ఉంటుంది, బంతిని దూరం పంపుతుంది, మోచేతికి సుఖం. సింథటిక్ గట్ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పాతదాని మీద మల్టీ, కొత్తదాని మీద పాలీ ఉంటే మీరు రాకెట్లను పోల్చడం లేదు, గట్స్‌ను పోలుస్తున్నారు.

నాకూ ఇది జరిగింది. ఒక కొట్లో కొత్త రాకెట్ కొంటే, నన్ను అడగకుండానే పాలియెస్టర్‌ను 58 పౌండ్లకు బిగించి ఇచ్చారు. నేనూ అడగలేదు. పది రోజుల్లో మోచేయి పట్టేసింది. రెండు నెలలు టీ గ్లాసు ఎత్తాలన్నా ఎడమ చెయ్యే వాడాను. అందుకే ఎవరు కొత్త రాకెట్ తెచ్చినా ముందు గట్ పేరు, పౌండ్లు అడుగుతాను.

చేయాల్సింది ఇది:

ఒకటి, పాతదాని మీద ఉన్న గట్ రకం, మందం తెలుసుకోండి. 1.25, 1.30 మిల్లీమీటర్ల మధ్య తేడా కూడా చేతికి తెలుస్తుంది.

రెండు, కొత్తదాని మీద అదే గట్, అదే మందం వేయించండి. టెన్షన్ పాతదానికి వేయించినప్పటి అంకె కంటే 3, 4 పౌండ్లు తక్కువ చెప్పండి. హెడ్ (గట్స్ ఉండే గుండ్రటి భాగం) కొలత పెరిగి ఉంటే, అంటే 95 నుంచి 100 చదరపు అంగుళాలకు వచ్చి ఉంటే, అంత తగ్గించకండి. పెద్ద హెడ్ మీద అదే పౌండ్లు మెత్తగా పలుకుతాయి.

మూడు, అదే మనిషి, అదే మిషన్. లాగి పట్టి ఉంచే ఎలక్ట్రానిక్ మిషన్‌కూ, చేత్తో తిప్పితే ఒక చోట లాక్ అయ్యే మిషన్‌కూ ఒకే అంకె మీద ఫలితం తేడాగా వస్తుంది. రెండోదాని మీద కాస్త వదులుగా ఉంటుంది. మన ఊళ్లలో షటిల్ రాకెట్లకు గట్టింగ్ వేసేవాళ్లు దొరుకుతారు, కానీ షటిల్ కోసమే కొన్న మిషన్ టెన్నిస్ ఫ్రేమ్‌ను సరిగ్గా పట్టుకుంటుందో లేదో ముందే అడగండి. పాతదానికి విశాఖలో వేయించి ఉంటే కొత్తదానికీ అక్కడే వేయించండి.

నాలుగు, వేయించిన మర్నాడు ఆడండి. మొదటి రోజు టెన్షన్ బాగా దిగుతుంది. అప్పుడే ఆడి తీర్పు చెప్పొద్దు.

ట్యూనర్ ఆప్ ఇక్కడ పనికొస్తుంది. డ్యాంపెనర్ (మోత తగ్గడానికి గట్స్ మధ్య పెట్టే రబ్బరు ముక్క) తీసేసి, గట్స్ మధ్యలో పెన్ను వెనక భాగంతో మెల్లగా కొడితే ఆప్‌లో హెర్ట్జ్ అంకె కనిపిస్తుంది. మర్నాడు పొద్దున్న 560 ఉండి, రెండు నెలలకు 530కి వచ్చిందనుకోండి. అంకె 5 శాతం తగ్గితే టెన్షన్ దాదాపు 10 శాతం తగ్గినట్టు. ఒకే గట్, ఒకే హెడ్ కొలత ఉన్నప్పుడే ఈ పోలిక నిలుస్తుంది.

ఇంకొక జాగ్రత్త. రోహిణి కార్తె ఎండలో రాకెట్ కారు డిక్కీలో వదిలేస్తే గట్స్ సాగిపోతాయి. పోల్చి చూస్తున్న ఆరు వారాలూ రెండింటినీ ఇంట్లోనే ఉంచండి.

3. గ్రిప్ సమానం చేయండి

రెండు పిడుల మీదా L2 అనే రాసి ఉండొచ్చు, అంటే 4 1/4 అంగుళాలు. అయినా చేతిలో ఒకలా ఉండవు. పాతదాని మీద ఏళ్ల తరబడి చెమట పట్టి అణిగిపోయిన గ్రిప్, దాని మీద ఓవర్‌గ్రిప్, ఒక్కోసారి ఓవర్‌గ్రిప్ మీద ఓవర్‌గ్రిప్ ఉంటాయి. కొత్తదాని మీద ఫ్యాక్టరీ గ్రిప్ ఒక్కటే.

ఒక ఓవర్‌గ్రిప్ పిడి చుట్టుకొలతను సుమారు 1/16 అంగుళం పెంచుతుంది. రెండు వేస్తే ఒక సైజు పెరిగినట్టే. టైలరు టేపుతో పిడి మధ్యలో రెండింటినీ కొలిచి, కొత్తదాన్ని పాతదానికి సమానం చేయండి.

కొలత ఒకటైనా ఆకారం వేరు కావచ్చు. కంపెనీ మార్చిన వాళ్లు ఇది తప్పక చూడాలి. హెడ్ కంపెనీ పిడులు పలకగా, దీర్ఘచతురస్రంలా ఉంటాయి. విల్సన్, బాబొలాట్ పిడులు దానికంటే గుండ్రంగా ఉంటాయి. ఆకారం మారితే కళ్లు మూసుకొని పట్టుకున్నా రాకెట్ ముఖం కాస్త తిరిగి ఉంటుంది. ఫోర్‌హ్యాండ్‌లు అన్నీ ఒకే వైపు పోతుంటే ముందు దీన్నే అనుమానించండి.

బ్యాంకు ఆయన రాకెట్‌లో ఒక ఓవర్‌గ్రిప్ తక్కువ ఉంది. వేశాం. అంతకుముందు వాలీలో చేతిలో తిరిగిపోతున్నది ఆగింది. వాన రోజుల్లో మన ఉక్కకు ఓవర్‌గ్రిప్ తడిసి జారుతుంది కాబట్టి, పోల్చేటప్పుడు లోపలి గ్రిప్ కదపకుండా, పై ఓవర్‌గ్రిప్ మాత్రం రెండింటికీ ఒకే రోజు కొత్తది చుట్టండి.

4. ఇప్పుడు తూకం, బ్యాలెన్స్

గట్స్, గ్రిప్ సమానం చేయకముందే తూచితే లెక్క తప్పుతుంది. అందుకే ఇది నాలుగో మెట్టు.

రాకెట్ మీద "300 గ్రాములు" అని రాసి ఉంటే అది గట్స్ లేని బరువు. గట్స్ సుమారు 15 నుంచి 18 గ్రాములు, ఓవర్‌గ్రిప్ 5 గ్రాముల దాకా కలుపుతాయి. పైగా ఫ్యాక్టరీలో ఒకే మోడల్‌వి రెండు తీసినా కొన్ని గ్రాములు అటూ ఇటూ ఉంటాయి. మోడల్ బాగోలేదని మనం తిట్టేది చాలాసార్లు ఈ తేడానే.

బ్యాలెన్స్ చూడడం తేలిక. చెక్క స్కేలును అంచు మీద నిలబెట్టి, దాని మీద రాకెట్ అడ్డంగా పెట్టి అటూ ఇటూ జరపండి. ఎటూ వాలకుండా నిలిచిన చోటు నుంచి పిడి అడుగు దాకా టేపుతో కొలవండి.

బ్యాంకు ఆయన రెండు రాకెట్లు ఇలా వచ్చాయి:

- పాతది: 321 గ్రాములు, బ్యాలెన్స్ 32.8 సెంటీమీటర్లు
- కొత్తది: 314 గ్రాములు, బ్యాలెన్స్ 32.3 సెంటీమీటర్లు

రెండింటి మీదా 300 అనే రాసి ఉంది. ఏడు గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ కొత్తది బరువు తక్కువ, ఆ ఉన్న బరువు కూడా పిడి వైపు జరిగి ఉంది. అంటే బంతికి తగిలే చోట బరువు చాలడం లేదు. ఆయన ఫిర్యాదూ అదే: "గట్టిగా వచ్చిన బంతికి రాకెట్ వెనక్కి పోతంది."

5. మేకు పరీక్షతో స్వింగ్ వెయిట్

ఊపేటప్పుడు చేతికి తెలిసే బరువును స్వింగ్ వెయిట్ అంటారు. మామూలు తూకం కంటే ఆటను ఎక్కువ మార్చేది ఇదే. కొలిచే యంత్రం మన దగ్గర దొరకదు, కానీ మేకు చాలు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన లోలకం పాఠమే ఇది.

తల లేని మేకును గుమ్మం చెక్కకు బిగించండి. రాకెట్‌ను హెడ్ పైకి, పిడి కిందకి వచ్చేలా వేలాడదీయండి. ఫ్రేమ్ లోపలి అంచు నడిమి భాగం, రెండు నిలువు గట్స్ మధ్యన, మేకు మీద ఆనాలి. పిడిని ఎడమ కుడి వైపు నాలుగు వేళ్ల వెడల్పే కదిపి వదలండి. వెళ్లి వచ్చాక ఒక ఊపు. ఇరవై ఊపులకు ఎన్ని సెకన్లో ఫోన్‌లో వీడియో తీసి చూడండి. మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. ఇరవై ఊపుల సమయంలో పదో వంతు సెకను పొరపాటు వస్తే జవాబు దాదాపు 4 యూనిట్లు మారిపోతుంది, అందుకే తొందరపడొద్దు.

పిడి అడుగు నుంచి మేకు ఆనిన చోటుకు దూరం కొలవండి, మాకు 66.5 సెంటీమీటర్లు వచ్చింది. అందులోంచి బ్యాలెన్స్ తీసేస్తే వచ్చేది "దూరం". బరువు కిలోల్లో వేయాలి.

- మొదటి లెక్క: 24.85 × బరువు × దూరం × ఒక ఊపు సమయం × ఒక ఊపు సమయం
- రెండో లెక్క: బరువు × దూరం × దూరం
- మూడో లెక్క: బరువు × (బ్యాలెన్స్ − 10) × (బ్యాలెన్స్ − 10)
- జవాబు (ఇదే స్వింగ్ వెయిట్): మొదటిది − రెండోది + మూడోది

పాతదానికి ఇరవై ఊపులు 28.2 సెకన్లు, అంటే ఊపుకు 1.41. దూరం 33.7. లెక్క: 534.4 − 364.6 + 166.9 = 336.7.

కొత్తదానికి 28.3 సెకన్లు, దూరం 34.2. లెక్క: 534.3 − 367.3 + 156.1 = 323.1.

తేడా 13.6 యూనిట్లు. ఈ పద్ధతిలో రాకెట్ పక్కకు ఊగుతుంది కాబట్టి, యంత్రం చూపే అంకె కంటే పది పదిహేను ఎక్కువ వస్తుంది. పోల్చడానికి ఇబ్బంది లేదు, రెండింటికీ అంతే పెరుగుతుంది. 5 లోపు తేడాను పట్టించుకోకండి.

6. టేపు అంటించడం

బరువు కలపడమే కుదురుతుంది, తీయడం కష్టం. కాబట్టి కొత్తది తేలికగా ఉంటే మీ పని సులువే.

సీసపు టేపు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పావు అంగుళం వెడల్పుది నాలుగంగుళాలు కోస్తే ఒక గ్రాము ఉంటుంది. కోసిన ముక్కను తూచే అంటించండి. సీసం కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. టంగ్‌స్టన్ టేపు దొరికితే ఇంకా మంచిది.

ఎక్కడ అంటిస్తే ఏమవుతుందంటే:

- హెడ్ పై కొనన, గడియారంలో పన్నెండు ఉండే చోట: గ్రాముకు 3.3 యూనిట్లు పెరుగుతుంది. బంతికి బలం వస్తుంది.
- మూడు, తొమ్మిది దగ్గర: గ్రాముకు దాదాపు 1.8. అంచున తగిలినా రాకెట్ తిరగదు.
- పిడి పై భాగంలో, గ్రిప్ కింద: స్వింగ్ వెయిట్ దాదాపు మారదు, మొత్తం బరువు మాత్రం పెరుగుతుంది.

బ్యాంకు ఆయనకు పైన 4 గ్రాములు, లోపలి వైపు, నడిమికి రెండు పక్కలా సమానంగా అంటించాం. 13.2 యూనిట్లు వచ్చాయి. పిడి పై భాగంలో 3 గ్రాములు. మొత్తం 321. బ్యాలెన్స్ 32.6, పాతదానికి రెండు మిల్లీమీటర్ల తేడా.

ఒకేసారి ఇలా పెట్టింది పాతదాని లెక్క చేతిలో ఉంది కాబట్టి. లెక్క లేకుండా చేసేవాళ్లు ఒక్కో గ్రామే పెంచుతూ, ప్రతిసారీ రెండు రోజులు ఆడి చూడండి.

కొత్తది పాతదానికంటే బరువుగా ఉంటే: లెదర్ గ్రిప్ ఉంటే తీసి సింథటిక్ వేయండి, పది గ్రాముల దాకా దిగుతుంది. కానీ ఆ దిగిన బరువు పిడిలోది, స్వింగ్ వెయిట్ తగ్గదు. దానికి పిడిని ఒక సెంటీమీటరు పైకి పట్టుకోవడం ఒక్కటే ఉపాయం.

7. కోర్టులో పోల్చే పద్ధతి

గంట సేపు పాతదానితో ఆడి, అలిసిపోయి, తర్వాత కొత్తది పట్టుకోకండి. అందరూ చేసే తప్పు ఇదే.

- పది నిమిషాలకోసారి మార్చండి. మర్నాడు రెండోదానితో మొదలుపెట్టండి.
- అవే బంతులు, అదే కోర్టు, అదే మనిషి అవతల.
- క్రాస్‌కోర్టు ఫోర్‌హ్యాండ్‌లు ఇరవై, బ్యాక్‌హ్యాండ్‌లు ఇరవై, సర్వీసులు ఇరవై. లోపల పడినవి, సర్వీస్ గీత దాటి లోతుగా పడినవి విడిగా రాయండి.
- ఆఖరున పాయింట్లు ఆడండి. ర్యాలీలో నచ్చిన రాకెట్ పాయింట్లలో నచ్చకపోవచ్చు.

సాధ్యమైతే అవతల ఆడే మనిషిని అడగండి. మా కోర్టులో ఒక తమ్ముడు తన కొత్త రాకెట్ "మొద్దుగా ఉంది" అన్నాడు. అవతల ఆడుతున్న రిటైర్డ్ మాస్టారు మాత్రం, "బాబూ, దీనితోనే నీ బంతి బరువుగా వస్తంది" అన్నారు. లెక్క రాస్తే మాస్టారి మాటే నిజమని తేలింది. చేతికి తెలిసే సుఖం ఒకటి, బంతి చేసే పని ఒకటి. రెండూ రాసుకోండి.

ఇలా కనీసం మూడు వారాలు. చేయి అలవాటు పడడానికి ఆ మాత్రం కావాలి. ఫెదరర్ 2013 వేసవిలో 90 చదరపు అంగుళాలది వదిలి 98 ప్రయోగపు రాకెట్‌తో హాంబర్గ్, గ్‌స్టాడ్‌లలో ఆడాడు. అప్పుడు వెన్నునొప్పి కూడా ఉంది. రెండు చోట్లా ఓడి మళ్లీ 90కి వెళ్లాడు. 2014లో పూర్తిగా పెద్ద హెడ్‌కు మారాడు. ఆ పెద్ద హెడ్‌తో మొదటి గ్రాండ్‌స్లామ్ 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వచ్చింది. వారంలో మూడు పొద్దుల ఆట ఆడే మనం మూడు రోజుల్లో తీర్పు చెప్పేయడం తగదు.

8. ఇంకా ఇబ్బంది ఉంటే

బంతి లాంగ్ పోతుంటే, అంటే వెనక గీత దాటి పడుతుంటే, 2 పౌండ్లు పెంచండి. ముందు గట్స్ వరసలు లెక్కపెట్టండి: పాతది 18 బై 20 (నిలువు 18, అడ్డం 20), కొత్తది 16 బై 19 అయితే బంతి ఎత్తుగా లేస్తుంది. అది టెన్షన్‌తో కొంత వరకే తగ్గుతుంది, స్పిన్ పెంచుకోవాలి.

బంతి నెట్‌కో, సర్వీస్ బాక్సులోనో పడుతుంటే 2 పౌండ్లు తగ్గించండి, తర్వాత పైన ఒక గ్రాము.

సర్వీస్‌లో చేయి ఆలస్యంగా వస్తుంటే స్వింగ్ వెయిట్ ఎక్కువైనట్టు. పైన అంటించిన టేపు సగం తీసేయండి.

మోచేయి నొప్పి వస్తే అన్నీ ఆపండి. పాలియెస్టర్ తీసి మల్టీఫిలమెంట్ వేయించండి, టెన్షన్ దించండి, డాక్టరుకు చూపించండి. డ్యాంపెనర్ పెడితే తగ్గుతుందనుకోవద్దు. అది గట్స్ మోతను ఆపుతుంది గానీ చేతికి వచ్చే దెబ్బను ఆపదు.

9. ఫ్రేమే సరిపడలేదని తేలితే

గట్స్, గ్రిప్, బరువు, స్వింగ్ వెయిట్ నాలుగూ సమానమైనా కుదరకపోతే, మిగిలింది ఫ్రేమ్ బిగువు, హెడ్ ఆకారం, గట్స్ మధ్య సందు. ఇవి మనం మార్చగలిగేవి కావు. అప్పుడు మొహమాటం లేకుండా పాతదానికి వెళ్లిపోండి. వెర్షన్ కొత్తదైనంత మాత్రాన మీ ఆటకు మంచిదని ఎక్కడా లేదు.

కొత్త వెర్షన్ వచ్చాక పాత వెర్షన్ మిగిలిన స్టాకు ధర తగ్గించి అమ్ముతారు. వాడినది కొంటున్నట్టయితే:

- హెడ్ అంచు, గొంతు (హెడ్, పిడి కలిసే చోటు) దగ్గర వేలి గోరుతో గీసి చూడండి. రంగు లేచిపోవడం వేరు, పగులు వేరు. పగులు దగ్గర గోరు పట్టుకుంటుంది.
- పిడి దగ్గర ఊపితే లోపల గలగల వస్తుందేమో వినండి.
- గ్రోమెట్లు (గట్స్ దూరే రంధ్రాల్లోని ప్లాస్టిక్ గొట్టాలు) విరిగి ఉంటే, ఆ మోడల్‌కు విడిగా దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి.
- మీ తూకం, మేకు, టేపు లెక్కలతో సరిచూశాకే డబ్బివ్వండి.

కొత్తది అమ్ముతుంటే సీసపు టేపు తీసేసి, గట్ రకం, పౌండ్లు, వేయించిన తేదీ ఒక కాగితం మీద రాసి కవర్‌లో పెట్టండి. బ్యాంకు ఆయన అమ్మలేదు. టేపు వేశాక నాలుగో వారం ఫోన్ చేసి, అదే మోడల్‌ది ఇంకోటి తీసుకుంటున్నానని, దాన్ని కూడా తూచి మొదటిదానితో సమానం చేసిపెట్టమని అడిగారు. అది వచ్చాక 317 గ్రాములు తూగింది. మళ్లీ మేకు దగ్గర నుంచి మొదలుపెట్టాం.